ఒప్పంద భంగానికి పరిహారం: రావలసిన లాభమా, పెట్టిన ఖర్చా?

ఒప్పందం సవ్యంగా నెరవేరి ఉంటే బాధితుడు ఏ స్థితిలో ఉండేవాడో, డబ్బు రూపంలో అతన్ని ఆ స్థితికి చేర్చడం ఒక పద్ధతి. ఇందులో రావలసిన లాభం కూడా కలుస్తుంది కనుక సాధారణంగా ఇదే మేలు. ఒప్పందాన్ని నమ్మి పెట్టిన ఖర్చును మాత్రమే ఇప్పించి, అతన్ని పూర్వస్థితిలో నిలపడం రెండవది. లాభాన్ని రుజువు చేయలేని చోట ఇదే దిక్కు. 1951లో ఆస్ట్రేలియా హైకోర్టు తేల్చిన మెక్రే కేసులో, ఒక ప్రభుత్వ కమిషన్ సముద్రపు దిబ్బపై చిక్కుకుందంటూ ఒక చమురు నౌకను అమ్మగా, కొన్నవారు సామగ్రి సమకూర్చుకుని వెళ్లి చూస్తే అక్కడ నౌకే లేదు. లేని నౌకపై లాభం ఎంతని లెక్కగట్టాలి? కోర్టు వారికి చెల్లించిన ధరతో పాటు వృథా అయిన ఖర్చును ఇప్పించింది. అయితే అది మొదటినుంచీ నష్టపు బేరమేనని ప్రతివాది నిరూపించగలిగితే, ఆ మేరకు ఈ ఖర్చులోనూ కోత పడుతుంది.