ఇంగ్లండ్ నుంచి మధ్యధరాకు సొంత యాట్‌లో: ఫ్రాన్స్ కాలువలా, బిస్కే అఖాతమా?

దారులు రెండు: ఫ్రాన్స్ లోపలి కాలువల గుండా, లేదా ఫ్రాన్స్‌కు పడమరనున్న బిస్కే అఖాతం దాటి స్పెయిన్, పోర్చుగల్ చుట్టి సముద్రంలో. ముందు టేపు పట్టి పడవను కొలవండి. నీటి కింద 1.8 మీటర్లు, మాస్ట్ (తెరచాప స్తంభం) దించాక నీటి పైన 3.5 మీటర్లు దాటితే కాలువల ఆశ వదులుకోవాల్సిందే.

ఖర్చు: కాలువలకు మాస్ట్ దించాలి, అవతల మళ్లీ నిలబెట్టాలి. రెండుసార్లూ క్రేన్ కూలీ. పైన జలమార్గాల రుసుము, డీజిల్. బిస్కేలో గాలికి డబ్బులు కట్టక్కర్లేదు, కానీ లైఫ్‌రాఫ్ట్ (ప్రాణరక్షణ తెప్ప), మంచి తెరచాపలు తప్పవు.

శ్రమ: కాలువల్లో 150కి పైగా లాకులు. నీళ్లు సుడి తిరుగుతూ పైకి వస్తుంటే, పాచి పట్టిన గోడ పక్కన తాడు బిగించి పట్టుకోవాలి, రోజుకు ఎన్నోసార్లు. బిస్కే దారిలో ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి స్పెయిన్‌లోని లా కొరూనాకు సుమారు నాలుగు రోజులు, రాత్రి వంతులవారీ కాపలా.

ప్రమాదం: బిస్కేలో లోతు 200 మీటర్ల నుంచి 4,000 దాటే అంచు దగ్గర, తుపాను గాలిలో అలలు నిటారుగా లేస్తాయి. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో ఓర్కాలు (కిల్లర్ వేల్స్) పడవల చుక్కానులు విరుస్తున్నాయి. ఇది తేలిగ్గా తీసుకోకండి.

బ్రిటిష్ పాస్‌పోర్టుకు షెంగెన్‌లో (ఫ్రాన్స్, స్పెయిన్ వంటి దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) 180 రోజుల్లో 90 రోజులే. కాలువల నిదానం వాటిని తినేస్తుంది.

పిల్లలతో, లోతు తక్కువ పడవతో వెళ్తే కాలువలే మేలు. అనుభవమున్న ముగ్గురు ఉండి, ఆగస్టులోపు బయలుదేరగలిగితే బిస్కే.