కాంటా గదిలోని ఎక్స్‌పీని కాపాడిన కేబుల్: ఎఫ్‌టీడీఐ యూఎస్‌232ఆర్ రివ్యూ

ఇది ఒక కేబుల్ రివ్యూ. ఎఫ్‌టీడీఐ కంపెనీ అమ్మే యూఎస్‌232ఆర్, అంటే యూఎస్‌బీ టు సీరియల్ కన్వర్టర్. ఒక కొసకు మామూలు యూఎస్‌బీ, ఇంకో కొసకు తొమ్మిది పిన్నుల పాత సీరియల్ పోర్టు, మధ్యలో మీటరు తీగ. నాకు రెండు వేలకు అటూ ఇటూ పడింది. హన్మకొండలో ఏ కంప్యూటర్ షాపులో అడిగినా "ఇదీ అదే పని చేస్తది సార్" అని మూడు నాలుగు వందలకే ఒకటి చేతిలో పెడతారు, మరి ఇంత ఖరీదుది ఎందుకని మా సేటు అడిగాడు. ఆయనకు చెప్పిందే ఇక్కడ విడమరచి రాస్తున్నా. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో, ల్యాబుల్లో పాత సిస్టమ్‌లతో నెట్టుకొస్తున్న ఐటీ వాళ్లకు పనికొస్తుంది.

నేను చూసుకునేది వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు. ఐటీ అడ్మిన్ అంటే ట్యాలీ, సీసీ కెమెరాలు, వేలిముద్రల మెషిన్, నెట్, ప్రింటర్లు అన్నీ నా మీదే. ఆఫీసు కంప్యూటర్లతో పెద్దగా ఇబ్బంది లేదు. టెన్షన్ అంతా గేటు పక్కన కాంటా గదితోనే. బండి కాంటా ఎక్కగానే బరువు చదివి చీటీ కొట్టే ప్రోగ్రామ్ విజువల్ బేసిక్ 6లో ఎవరో ఎప్పుడో రాసిచ్చింది, రాసినాయన ఇప్పుడు ఫోన్‌కు దొరకడు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. అది నడిచేది విండోస్ ఎక్స్‌పీ మీద. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపింది 2014 ఏప్రిల్ 8న. తర్వాత విండోస్ 7 పోయింది, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 గడువు కూడా అయిపోయింది. మా కాంటా గదిలో మాత్రం మొన్నటిదాకా ఎక్స్‌పీ తెర మీది అదే పచ్చని గుట్ట, అదే నీలి ఆకాశం.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనొచ్చు కదా అంటారు. నిజమే, కానీ ఏళ్ల లెక్కలన్నీ ఆ పాతదాంట్లోనే ఉన్నాయి, అకౌంట్స్ వాళ్లకు ఆ రిపోర్టే అలవాటు, సీజన్ నడుస్తుంటే ఒక్క పూట కూడా ఆపే వీలుండదు, సీజన్ అయిపోయాక ఆ మాట ఎత్తేవాళ్లుండరు. ప్రతి మిల్లులోనూ దాదాపు ఇదే పరిస్థితి అనుకుంటా.

ఈ ఆగడం అనేది మాకు చిన్న విషయం కాదు. దసరా దాటిందంటే ట్రాక్టర్లు, బొలేరోలు, డీసీఎంలు గేటు నుంచి రోడ్డు దాకా లైను కడతాయి. 2025 సీజన్ నుంచి సీసీఐకి, అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు అమ్మే రైతు కపాస్ కిసాన్ యాప్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకుని వస్తున్నాడు. పత్తిలో తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 2025-26లో పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆపైన ఒక్కో శాతానికి దాదాపు 81 రూపాయల చొప్పున కోత, 12 దాటితే సీసీఐ అసలే కొనదు. ఇప్పుడు ఆలోచించండి, కాంటా కంప్యూటర్ సాయంత్రం మొండికేసి లైను ఆగిపోతే ఆ ట్రాలీలు రాత్రంతా మంచులో నిలబడాలి. పొద్దుటికి తేమ ఎంతకు పెరుగుతుందో రైతుకు బాగా తెలుసు. "సారూ, మంచు పడుతుంది, జర తొందరగ కానియ్యుండ్రి" అని కిటికీ దగ్గరకొచ్చి ఒక పెద్దాయన అడుగుతుంటే మనం డివైస్ మేనేజర్ తెరిచి కూర్చోవడం ఎంత కష్టమో ఆ స్థితిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

పాత కంప్యూటర్ తనంతట తాను చాలాకాలం లాక్కొచ్చింది. సీమాస్ సెల్ అయిపోయి తేదీ వెనక్కి పోయేది, సెల్ మార్చేవాళ్లం. ప్రాసెసర్ ఫ్యాన్ మీద పత్తి నూగు దుప్పటిలా పరుచుకునేది, ఊదేవాళ్లం. చివరికి మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి, మాటిమాటికీ రీస్టార్ట్ అవడం మొదలుపెట్టింది. సరే మార్చేద్దామని కొత్త డెస్క్‌టాప్ తెస్తే దాని వెనక సీరియల్ పోర్టే లేదు!

ఆ పోర్టు లేకపోతే బరువు కంప్యూటర్‌కు రాదు. కాంటా కింద లోడ్ సెల్స్, అంటే బరువును పసిగట్టే సెన్సర్లు ఉంటాయి, వాటి తీగలు టేబుల్ మీది ఇండికేటర్‌కు వస్తాయి, ఎర్ర అంకెలు వెలిగే డబ్బా అదే. ఆ డబ్బా వెనక తొమ్మిది పిన్నుల సాకెట్ నుంచి బరువు మామూలు అక్షరాల రూపంలోనే ఆగకుండా బయటికొస్తూ ఉంటుంది. ఆర్ఎస్-232 అనే ఈ పద్ధతి 1960 నాటిది, ఇప్పటికీ బండిలా నడుస్తోంది. దానికి కావలసిందల్లా మూడు తీగలు, 2, 3, 5 పిన్నులు. స్పీడు, పారిటీ (తప్పులు పట్టుకోవడానికి పంపే అదనపు బిట్) రెండు వైపులా ఒకటే ఉండాలి, తేడా వస్తే తెర మీద పిచ్చి గుర్తులు పడతాయి. ఇండికేటర్‌నే మార్చేద్దామంటే దానికి తూనికలు, కొలతల శాఖ సీలు ఉంటుంది, మన ఇష్టం వచ్చినట్టు విప్పకూడదు. అంటే కాంటా వైపు మారదు, కంప్యూటర్ వైపు మారి తీరాలి, రెండింటి మధ్యా ఉండేది ఈ కన్వర్టర్ ఒక్కటే.

ముందు వాడింది లోకల్‌గా దొరికే పేరులేని కన్వర్టరే. మొదట్లో బాగానే ఉంది. తర్వాత ఒక రోజు కాంటా మీద పత్తి ట్రాక్టర్ నిలబడి ఉంది, ఆపరేటర్ పిలిచి "అన్నా, డబ్బా మీద ఒకటి, తెర మీద ఒకటి చూపిస్తుంది" అన్నాడు. వెళ్లి చూస్తే ఎర్ర అంకెల్లో 5,640, తెర మీద 8,210. ఆ 8,210 అంతకుముందు దిగిపోయిన డీసీఎంది. కన్వర్టర్ మధ్యలో ఊపిరి ఆపేసింది, కొత్త డేటా రాకపోయేసరికి ప్రోగ్రామ్ చివరి అంకెనే పట్టుకుని కూర్చుంది. ఆ పిల్లాడు డబ్బా వైపు చూశాడు కాబట్టి సరిపోయింది, లేదంటే చీటీ మీద తప్పు బరువు పడేది. పని చేయని పరికరం కంటే పని చేస్తున్నట్టు కనిపిస్తూ తప్పు చూపించేది వెయ్యి రెట్లు ప్రమాదం. రైతు కష్టార్జితం కిలోల లెక్కన తేలే చోట మూడు వందల రూపాయల వస్తువును నమ్ముకోకూడదని సేటుకు నేను గట్టిగా చెప్పింది ఆ రోజే.

ఇక ఈ కన్వర్టర్ల లోపలి సంగతి. ప్లాస్టిక్ ఏదైనా లోపల ఉండే చిప్ సాధారణంగా మూడు నాలుగు రకాల్లో ఒకటి. ప్రొలిఫిక్ పీఎల్2303, సీహెచ్340, ఎఫ్‌టీడీఐ ఎఫ్‌టీ232ఆర్, ఇవే ఎక్కువ. వీటిలో పేరున్న చిప్‌లకు నకిలీలు మార్కెట్ నిండా ఉన్నాయి. ప్రొలిఫిక్ తన పాత హెచ్ఎక్స్ఏ రకాన్ని 2012లోనే ఆపేసింది, కొత్త విండోస్‌లో ఆ పాత చిప్ పెడితే కంపెనీ డ్రైవరే (పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) పసుపు గుర్తు వేసి "2012 నుంచి నిలిపేశాం, అమ్మినవాళ్లను అడగండి" అనే అర్థంలో మెసేజ్ చూపిస్తుంది, ఈ పనిలో ఉన్న చాలామంది ఆ మెసేజ్ చూసే ఉంటారు. నిన్న పనిచేసింది విండోస్ అప్‌డేట్ తర్వాత పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

యూఎస్‌232ఆర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది కామ్ పోర్టు నంబర్, అంటే సీరియల్ పోర్టుకు విండోస్ ఇచ్చే నంబర్, మారకపోవడం. ఎఫ్‌టీ232ఆర్ చిప్‌లో ఒక్కోదానికి విడిగా సీరియల్ నంబర్ రాసి ఉంటుంది. దాంతో విండోస్ ఆ కేబుల్‌ను గుర్తుపడుతుంది, ఏ యూఎస్‌బీ సాకెట్‌లో పెట్టినా అదే నంబర్ ఇస్తుంది. చాలా చవక చిప్‌లకు ఆ నంబర్ ఉండదు కాబట్టి సాకెట్ మారిస్తే విండోస్‌కు అది కొత్త పరికరమే, ఇంకో కామ్ నంబర్ ఇచ్చేస్తుంది. మనకేమో పాత ప్రోగ్రామ్‌లో కామ్1 నుంచి కామ్4 వరకే ఎంచుకునే వీలు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ఫోన్ చార్జింగ్ కోసం కేబుల్ పీకి, మళ్లీ పక్క సాకెట్‌లో పెట్టడం మామూలే, వాళ్లను తప్పుపట్టలేం. ఇప్పుడు ఎందులో పెట్టినా బరువు వస్తుంది, రాత్రి నాకు ఫోన్ రావడం లేదు.

ఎక్స్‌పీ విషయానికొస్తే, దాన్ని పారేయలేదు, కొత్త కంప్యూటర్ లోపల పెట్టాం. పాత హార్డ్ డిస్కును క్లోన్‌జిల్లాతో మొత్తం కాపీ తీసి, విండోస్ 11 మీద వర్చువల్‌బాక్స్‌లో ఒక ఖాళీ డిస్కులోకి దింపా (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అది). మొదట నీలి తెర, 0ఎక్స్7బీ అని వస్తే కంగారు పడకండి, స్టోరేజ్ కంట్రోలర్ సాటాలో కాకుండా ఐడీఈలో, పీఐఐఎక్స్4 రకంలో పెట్టి చూడండి, ఎక్కువగా అక్కడే చిక్కు ఉంటుంది. తర్వాత సీరియల్ పోర్టుల సెట్టింగ్‌లో పోర్ట్ 1ని హోస్ట్ డివైస్‌గా పెట్టి, బయట ఎఫ్‌టీడీఐ కేబుల్‌కు వచ్చిన కామ్ నంబర్ ఇచ్చా. లోపల ఎక్స్‌పీకి అది అచ్చంగా కామ్1గా కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చే పని పడలేదు. బయట కేబుల్ నంబర్ మారకపోవడం వల్లే ఈ ఏర్పాటు నిలబడింది, నంబర్ మారే కన్వర్టర్‌తో ఇదే చేస్తే పీకి పెట్టిన ప్రతిసారీ వర్చువల్‌బాక్స్ సెట్టింగ్ మార్చుకోవాలి.

లోపలి ఎక్స్‌పీకి నెట్‌వర్క్ కార్డు తీసేశా. ఇది దయచేసి అందరూ చేయండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, మైక్రోసాఫ్ట్ అప్పటికే వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. పాత సిస్టమ్ నడపడం తప్పు కాదు, దాన్ని నెట్‌కు వదిలేయడం తప్పు. ఇప్పుడు లోపలి ఆ ఎక్స్‌పీ మిషన్ మొత్తం ఒక ఫోల్డర్, రోజూ రాత్రి వేరే డిస్కులోకి కాపీ అవుతుంది. కంప్యూటర్ కాలిపోయినా ఆఫీసులోంచి ఇంకోటి తెచ్చి, ఫోల్డర్ వేసి, కేబుల్ తగిలిస్తే చాలు.

కేబుల్ రాగానే కాంటాకు తగిలించకండి, ముందు టేబుల్ మీదే పరీక్షించండి. జెమ్ క్లిప్ వంచి 2, 3 పిన్నులను కలపండి, పుట్టీ (సీరియల్ పోర్టుతో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్) తెరిచి ఆ కామ్ పోర్టు ఎంచుకుని ఏదైనా టైప్ చేయండి. కొట్టిన అక్షరం తిరిగి తెర మీద కనిపిస్తే కేబుల్, డ్రైవర్ రెండూ బాగున్నట్టే, ఆ తర్వాత బరువు రాకపోతే తప్పు ఇండికేటర్ వైపో, వైరింగ్‌లోనో ఉంది. చాలాసార్లు 2, 3 తీగలు తారుమారు చేస్తే సరిపోతుంది. అలాగే డివైస్ మేనేజర్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కు వెళ్లి, కరెంటు ఆదా కోసం విండోస్ ఆ పోర్టును ఆపేసే టిక్కు తీసేయండి.

లోపాలూ ఉన్నాయి. పెద్దది, దీనికి ఐసోలేషన్ లేదు, అంటే కాంటా వైపు కరెంటును కంప్యూటర్ వైపు రాకుండా విడదీసే ఏర్పాటు లేదు. కాంటా ఆరుబయట ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో అకాల వర్షాలకు పిడుగులు పడితే ఆ తీగ మీదుగా వచ్చే షాక్ నేరుగా మదర్‌బోర్డు దాకా పోవచ్చు. ఉరుములు మొదలైతే కేబుల్ పీకేయమని మా వాళ్లకు చెప్పి పెట్టా, కానీ అది మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడే పద్ధతి, మంచిది కాదు. బయటి పిడుగు దెబ్బ భయం ఉన్నచోట ఆప్టో ఐసోలేషన్ (కాంతి ద్వారా సంకేతం పంపి రెండు వైపులనూ విడదీసేది) ఉన్న రకం కొనడమే నయం, ధర ఇంకా ఎక్కువవుతుంది. రెండోది దూరం. ఆర్ఎస్-232కు 15 మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుంది. కాంటా గది ఒకచోట, కంప్యూటర్ ఇంకోచోట ఉన్న మిల్లులకు ఇది కాదు, ఎక్కువ దూరం పనిచేసే ఆర్ఎస్-485 పద్ధతి వైపు చూడండి.

ఎఫ్‌టీడీఐ కంపెనీ మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. 2014లో వాళ్ల డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి నకిలీ చిప్‌ల ఐడీని సున్నా చేసేసింది, ప్రపంచమంతా ఎంతోమంది పరికరాలు ఒక్కసారిగా మూగబోయాయి. గొడవ అయ్యాక వెనక్కి తీసుకున్నారు. నకిలీలు చేసినవాళ్ల మీద కోపం తెలియక కొన్నవాళ్ల మీద చూపించడం అన్యాయం. అప్పటినుంచి నాకు తెలిసిందేంటంటే, ఎఫ్‌టీడీఐ అని రాసి ఉంటే సరిపోదు, ఎలిమెంట్14, మౌసర్, డిజీకీ లాంటి అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే బిల్లుతో కొనాలి. ఐదు వందలకే ఎఫ్‌టీడీఐ అని ఎవరైనా అమ్ముతుంటే వదిలేయండి.

ఐదుకు నాలుగు స్టార్లు. ఒకటి ఐసోలేషన్ లేనందుకు తగ్గించా. ఇంట్లో రూటర్ కన్ఫిగర్ చేయడానికో, ఏడాదికోసారి స్విచ్‌లోకి లాగిన్ అవడానికో అయితే ఇంత పెట్టక్కర్లేదు, సీహెచ్340ది ఏదైనా చాలు. బరువు, డబ్బు, మనిషి ఆరోగ్యం కంప్యూటర్‌లోకి సీరియల్ తీగ మీద వచ్చే చోట, అంటే కాంటాలు, పాల సేకరణ కేంద్రాల మెషిన్లు, ల్యాబుల్లో రక్తపరీక్షల పాత అనలైజర్లు, అక్కడ మాత్రం ఇదే కొనండి, వీలైతే రెండు కొని ఒకటి స్పేర్‌గా కాంటా గదిలోనే పెట్టండి, ఆఫీసు బీరువాలో కాదు, ఎందుకంటే రాత్రిపూట ఆ బీరువా తాళం ఎవరి దగ్గరా ఉండదు.