క్యోటోలో సకురా టూర్: పూలకు ఐదు స్టార్లు, ప్లానింగ్‌కు రెండు

హన్మకొండలో ఒక ట్రావెల్స్ వాళ్ల ‘సకురా స్పెషల్’ (సకురా అంటే చెర్రీ పూలు) గ్రూప్ టూర్‌లో నేను, మా ఆయన, అత్తమ్మ, మామయ్య జపాన్ పోయొచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి చుట్టాలు, కాలనీ వాళ్లు అందరిదీ ఒకటే ప్రశ్న, అన్ని పైసలు పెట్టొచ్చా అని. మొత్తం టూర్ గురించి రాస్తే తెల్లారుతుంది. టోక్యో, ఫుజీ కొండ, బుల్లెట్ ట్రైన్ ఏ నెలలో పోయినా ఉంటాయి. ఈ ప్యాకేజీకి మామూలు రోజులకన్నా ఎక్కువ గుంజేది పూల పేరు చెప్పి, బ్రోచర్ అట్ట మీద వేసేది క్యోటో ఫొటో, కాబట్టి ఆ క్యోటో రోజు గురించే రాస్తున్నా. ట్రావెల్స్ పేరు రాయను, ఎందుకంటే బుక్ చేసే ముందు ఇంకో రెండు మూడు చోట్ల కూడా అడిగాం, అందరి షెడ్యూలూ జిరాక్స్ తీసినట్టే ఉంది.

ముందు ట్రావెల్స్ వాళ్లు చెప్పే ‘ఫుల్ బ్లూమ్ గ్యారంటీ’ సంగతి, అంటే పూలు నిండుగా పూసినప్పుడే చూపిస్తామనే మాట. ఎవరిచ్చారో వీళ్లకు ఆ గ్యారంటీ! వీళ్లు తేదీలు ఖాయం చేసేది దీపావళి టైంలో, పూలు ఎప్పుడు పూస్తాయో అప్పటికి అక్కడి వాతావరణ శాఖకు కూడా తెలియదు. ఆ శాఖ వాళ్లు గుర్తు పెట్టుకున్న చెట్టు మీద ఐదారు పూలు విచ్చుకుంటే పూత మొదలైందని చెప్తారు, 80 శాతం విచ్చుకుంటే నిండు పూత కింద లెక్క. ఆ తర్వాత మహా అయితే వారం, గట్టి వాన పడితే అదీ లేదు. క్యోటోలో మామూలుగా మార్చి చివర, ఏప్రిల్ మొదటి వారం. అదీ నమ్మకం లేదు, 2021లో మార్చి 26కే నిండుగా పూసేశాయి, 1200 ఏళ్ల లెక్కల్లో అప్పటిదాకా అంత తొందరగా ఎప్పుడూ లేదట. పైగా ఎక్కువ చెట్లు సోమెయ్ యోషినో అనే ఒక్క రకమే, అన్నీ అంటు కట్టి పెంచినవి, అందుకే ఊరంతా ఒక్కసారే పూసి ఒక్కసారే రాలుతుంది. మాకు కలిసొచ్చింది, అంతే, ఆ క్రెడిట్ ట్రావెల్స్‌కు ఇచ్చేది లేదు. మీ తేదీలు ఏప్రిల్ రెండో వారం దాకా జరిగితే మాత్రం నిన్నాజీ గుడి పెట్టమని అడగండి. అక్కడి ఒమురో చెట్లు ఆలస్యంగా పూస్తాయి, పొట్టివి కూడా, మెడ ఎత్తే పని లేకుండా పూలు మొహానికి ఎదురుగా ఉంటాయి.

ఒసాకా హోటల్ నుంచి పొద్దున్నే బస్సు. మొదట దింపింది కెఅగె ఇంక్లైన్ (అంటే వాలు దారి) దగ్గర, టికెట్ లేదు, గేటు లేదు. పాత రైలు పట్టాలు, కంకర, అటూ ఇటూ పూల చెట్లు, పట్టాల మీద నిలబడి ఫొటోలు దిగే జనం. మేడారం అంత కాదు గానీ ఖాళీ పట్టా దొరకడం కష్టమే. మనవాళ్లలో చాలామంది ఇది మూసేసిన రైల్వే లైన్ అనుకున్నారు. కాదు. బివా సరస్సు నీళ్లు క్యోటోకు తెచ్చే కాలువ 1890లో పూర్తయింది, నీళ్లు ఇక్కడ ఒక్కసారి దాదాపు 36 మీటర్ల కిందికి దిగాలి, అంత వాలులో పడవ పోలేదు కదా, అందుకని పడవను సరుకుతో సహా చక్రాల బండి మీదికెక్కించి, ఇనుప తాడుతో 582 మీటర్లు లాగేవాళ్లు. లాగే కరెంటు కూడా ఆ కాలువ నీళ్లతోనే తీశారు, పక్కనే కట్టిన కరెంటు కేంద్రం 1891 నాటిది. గైడమ్మ ఇదంతా ఇంగ్లీషులో మెల్లగా చెప్తుంటే సగం మంది సెల్ఫీల్లో ఉన్నారు. భూపాలపల్లి నుంచి వచ్చిన సింగరేణి రిటైర్డ్ సార్ ఒకాయన మాత్రం, ఉద్యోగమంతా గనుల్లోనే గడిచింది ఆయనకు, అక్కడ చూడ్డానికి పెట్టిన పడవ బండి కింద వంగి చక్రాలు చూసి, తాడు ఎక్కడ తగిలించేవాళ్లో, బండి జారకుండా ఏం చేసి ఉంటారో మా మామయ్యకు వివరించడం మొదలుపెట్టాడు. వాళ్లిద్దరూ ఆ రోజు పూల ఫొటో ఒక్కటీ తీయలేదు, బండి ఫొటోలు మాత్రం ఫోన్ నిండా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఒక మాట, కంకర మీద ఎక్కుడు నడక, అంచుల వెంట పోండి.

అక్కడి నుంచి నడిచే నాన్‌జెన్‌జీ గుడి. గుడి ఆవరణలో ఇటుక కమానుల మీద అదే కాలువ నీళ్లు పారుతుంటాయి. మాకిచ్చిన పావుగంటలో చూసేదేముంది, ముందుకు పోయాం.

అసలు రోజంతా గడపాల్సింది ఫిలాసఫర్స్ పాత్‌లో. చిన్న కాలువ గట్టు, రెండు కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు లేవు. నిషిదా కితారో అని క్యోటో యూనివర్సిటీ ఫిలాసఫీ ప్రొఫెసర్ ఆలోచించుకుంటూ ఈ గట్టు మీద నడిచేవాడట, పేరు అలా వచ్చింది. చెట్లు మాత్రం దగ్గర్లోనే ఇల్లున్న చిత్రకారుడు హషిమొతో కాన్సెత్సు, ఆయన భార్య వందేళ్ల కిందట ఇచ్చిన మొక్కలతో మొదలయ్యాయి. అత్తమ్మ ఇక్కడ కర్ర పక్కన పెట్టి నడిచింది. కొమ్మలు నీళ్ల మీదికి వంగి ఉంటాయి, రాలిన రేకులు కాలువ మలుపుల్లో ఒక దగ్గర చేరి తెల్లగా పొరలా పేరుకుంటాయి, కొద్దిసేపటికి ఆ పొర ఒక పక్క చిరిగి ముక్క ముక్క కదిలిపోతుంది. పువ్వు కనబడితే దేవుడికో జడకో అనుకునే అలవాటు కదా మనది, కరీంనగర్ ఆంటీ ఒకామె చెయ్యి పైకెత్తిందో లేదో గైడమ్మ ఉరికొచ్చి ఆపింది. కోయొద్దు, కొమ్మ ఊపొద్దు, ఈ విషయంలో వాళ్లు మస్తు పట్టింపు. ఆంటీ ఏం తక్కువ తినలేదు, కింద రాలినవి కర్చీఫ్‌లో ఏరుకుని సాయంత్రం హోటల్లో బ్యాగులో తెచ్చుకున్న చిన్న ఫొటో ముందు పెట్టేసింది.

ఎండ బంగారంలా ఉంది, గట్టు సగం కూడా నడవలేదు, పదకొండున్నరకు గైడమ్మ జెండా ఎత్తింది. లంచ్ టైం. ఎక్కడంటే ఊరికి ఇంకో పక్కన ఇండియన్ బఫే. ట్రాఫిక్‌లో పోవడం, మనలాంటి బస్సులు ఇంకో రెండు ఉంటే క్యూలో నిలబడటం, చల్లారిన పప్పు, జీరా రైస్, పనీర్ తినడం, మళ్లీ బస్సెక్కడం. రెండున్నర అయింది, మబ్బు పట్టింది. ఏడాదిలో వారం రోజులు ఉండే పూల కోసం తలకు రెండున్నర లక్షల పైన కట్టి, ఆ వారంలో ఒక రోజు మధ్యాహ్నం మొత్తం జీరా రైస్‌కు అప్పజెప్పడం ఏం ప్లానింగో నాకైతే అర్థం కాలేదు. తిండి దగ్గర మనవాళ్లు పేచీ పెడతారని ట్రావెల్స్ భయం, అది నిజమే, కాదనను. కానీ పొద్దున్నే డబ్బాలో పులిహోర కట్టిస్తే ఎవరు వద్దంటారు? మా బ్యాగులో సకినాలు, పల్లి పొడి ఉండనే ఉన్నాయి. ఆ తర్వాత డ్యూటీ ఫ్రీ షాపులో ఇంకో ముప్పావు గంట, దాని గురించి రాసి నా బీపీ పెంచుకోను.

వెజిటేరియన్లు సొంతంగా తినాలంటే కొంచెం జాగ్రత్త. అక్కడి పులుసులు, సూపులు, సాసులు చాలావాటిలో ఎండు చేప రసం ఉంటుంది, కంటికి కనబడదు. నాన్‌జెన్‌జీ చుట్టుపక్కల టోఫు వంటకానికి పేరు, అక్కడ కూడా ముంచుకునే సాస్ గురించి అడిగి తినాలి. భయం లేకుండా తినేది సకురా మోచి: లేత గులాబీ రంగు బియ్యపు ముద్ద, లోపల ఎర్ర బీన్స్ పూర్ణం, పైన ఉప్పులో ఊరేసిన చెర్రీ ఆకు. ఆకుతోనే కొరికితే ముందు ఉప్పగా తగిలి తర్వాత తీపి వస్తుంది. మా ఆయన ఆకు తీసి పారేసి ‘చప్పగా ఉంది’ అన్నాడు, ఆయన మాట వినకండి. పారేయడానికి చెత్త డబ్బా కూడా దొరకదు, మీ చెత్త మీ బ్యాగులోనే, ఒక కవర్ పెట్టుకోండి.

చివరి స్టాప్ మరుయామ పార్కు. జనం చెట్ల కింద నీలం ప్లాస్టిక్ పట్టాలు పరిచి, చెప్పులు బయట వరుసగా విడిచి, తింటూ తాగుతూ కూర్చుంటారు. మధ్యలో ఒక పెద్ద చెట్టు, కొమ్మలన్నీ కిందికి వేలాడుతుంటాయి. పాత చెట్టు 1947లో చచ్చిపోతే దాని గింజతో పెంచిన మొక్కను 1949లో నాటారట, అదే ఇది. బ్రోచర్ అట్ట మీది ఫొటో దీనిదే, రాత్రి లైట్లలో తీసింది. మరి లైట్లు వేసేది పొద్దు గుంకాక, మా బస్సు తిరిగి ఎక్కమన్నది ఐదున్నరకు! హోటల్ ఒసాకాలో, డ్రైవర్ డ్యూటీ టైం అయిపోతుందట. పూల సీజన్‌లో క్యోటో హోటళ్ల రేట్లు మండిపోతాయి, అందుకని ఒసాకాలో పడుకోబెడతారు, ఆ ముక్క బుకింగ్ రోజు ఎవరూ చెప్పరు. మేం నలుగురం, సింగరేణి సార్ దంపతులు ఆగిపోయాం. గైడమ్మ తిట్టుకోకుండా స్టేషన్ పేరు, ఎక్కాల్సిన లైన్, దిగాల్సిన చోటు కాగితం మీద జపనీస్‌లో, ఇంగ్లీషులో రాసిచ్చింది. లైట్లు వెలిగాక గంటసేపు చూసి, గియోన్ షిజో నుంచి కెయ్‌హాన్ రైలెక్కితే గంటలోపే ఒసాకా. టెన్షన్ ఏం లేదు, స్టేషన్ పేర్లన్నీ ఇంగ్లీషులో కూడా ఉంటాయి. పొద్దు గుంకాక చలి పెడుతుంది, వరంగల్‌లో నలభై డిగ్రీల ఎండలో సర్దిన బ్యాగులో స్వెటర్ గుర్తురాదు, గుర్తు పెట్టుకుని సర్దండి.

గైడమ్మకు పదికి పది. పెద్దవాళ్లు వెంట ఉంటే, వీసా, విమానాల తలనొప్పి వద్దనుకుంటే ఈ ప్యాకేజీ తీసుకోండి, కాకపోతే డబ్బు కట్టే ముందే క్యోటోలో ఒక్క రాత్రయినా హోటల్ ఉండాలని, ఆ రోజు లంచ్ ప్యాకెట్ ఇవ్వాలని రాయించుకోండి. వయసులో ఉన్నవాళ్లకైతే ఈ రోజుకు గైడూ అక్కర్లేదు, బస్సూ అక్కర్లేదు. తోజాయ్ మెట్రోలో కెఅగె స్టేషన్లో దిగి, పొద్దుటి నుంచి రాత్రి దాకా నేను చెప్పిన చోట్లన్నీ అదే వరుసలో నడిచి చూడొచ్చు, నడకకు పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ ఫీడ్‌బ్యాక్ ఫారంలో వివరంగా రాసిచ్చాను. ఆఫీసు అబ్బాయి చదవకుండానే ఫైల్లో పెట్టేసి, ‘బాలి టూర్ కూడా ఉంది ఆంటీ, మీకు డిస్కౌంట్ ఇస్తాం’ అన్నాడు.