వైజాగ్ మీద బాంబులేసిన ఓడ కోసం: గ్వాడల్‌కెనాల్‌లో ఐదు రోజులు

మా నాయనమ్మ ఏ సంగతి చెప్పినా అది బాంబులు పడ్డ ఏడుకి ముందా, తర్వాతా అని లెక్క కట్టేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి. జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పరుగులు తీశారు. మా వాళ్లు ఎడ్లబండి కట్టించుకుని విజయనగరం వైపు పోయారట. ఆ విమానాలు లేచింది ర్యూజో అనే విమానవాహక నౌక మీద నుంచి. నాలుగున్నర నెలలు తిరిగేసరికి, ఆగస్టు 24న, అదే ఓడను అమెరికా విమానాలు సాలమన్ దీవుల దగ్గర ముంచేశాయి. ఈ ముక్క ఎక్కడో చదివినప్పటి నుంచి మా నాన్నకు ఒకటే పట్టు. బ్రిస్బేన్‌లో మా ఇంటికి వచ్చిన మూడో రోజే మొదలుపెట్టారు: "ఇక్కడిదాకా వచ్చాను కదా అమ్మలూ, విమానంలో మూడు గంటలేగా, ఒకసారి చూపించెయ్యి."

మూడు గంటల పైచిలుకు. దిగేది సాలమన్ దీవుల్లో ఒకటైన గ్వాడల్‌కెనాల్‌లో, హెండర్సన్ ఎయిర్‌పోర్టులో. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ దీవి మీద జరిగిన గొడవంతా ఈ రన్‌వే కోసమే. జపాన్ వాళ్లు దీన్ని కడుతుంటే, పూర్తయితే ఆస్ట్రేలియాకు వెళ్లే ఓడల దారి తెగిపోతుందని అమెరికన్లు 1942 ఆగస్టు 7న దీవి మీద దిగి లాక్కున్నారు. అంతకు రెండు నెలల ముందు మిడ్వే యుద్ధంలో చనిపోయిన లాఫ్టన్ హెండర్సన్ అనే పైలట్ పేరు పెట్టుకున్నారు. తిరిగి పట్టుకోవాలని జపాన్ ఆరు నెలలు ప్రయత్నించింది. సూట్‌కేసు కోసం నిలబడ్డ చోటే అంత జరిగిందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు.

బస సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే. డబ్బు కలిసొస్తుందని సాలమన్ దీవుల రాజధాని హొనియారాలో కొండ మీదున్న ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాను. బాల్కనీలోంచి సముద్రం, సావో దీవి కనిపిస్తాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఎయిర్‌పోర్టుకు పంపుతామన్న కారు రాలేదు, సాయంత్రమయ్యేసరికి కుళాయిలో నీళ్లు రాలేదు, 74 ఏళ్ల మనిషి బకెట్ కోసం కిందికీ పైకీ తిరగాల్సి వచ్చింది. రెండో రాత్రికి ఒడ్డు మీదున్న హోటల్‌కు మారిపోయాం. బ్రిస్బేన్ హోటళ్లకు ఏమాత్రం తీసిపోని రేటు, గది మాత్రం మామూలే. అయినా పెద్దవాళ్లతో వెళ్తే అదే మేలు. ఊళ్లో ముఖ్యమైన రోడ్డు ఒక్కటే, సాయంత్రం దాని మీద ట్రాఫిక్ చూస్తే మన మద్దిలపాలెం జంక్షనే నయమనిపిస్తుంది. కాబట్టి టాక్సీల కోసం బేరాలాడకుండా రోజంతటికీ డ్రైవర్‌తో కారు మాట్లాడుకోండి. మా డ్రైవర్ బంగారం లాంటి మనిషి. దవడలో ఎప్పుడూ వక్క, సున్నం. నాన్నకు నచ్చేశాడు.

తిండికి ఇబ్బంది పడలేదు. సెంట్రల్ మార్కెట్లో చేమదుంపలు, కర్రపెండలం, అప్పుడే పట్టిన చేప. స్లిపరీ క్యాబేజీ అని ఒక ఆకుకూర ఉంది. క్యాబేజీ కాదు, బెండ జాతి మొక్క. కొబ్బరిపాలలో వండుతారు. బెండకాయ జిగురు పడనివాళ్లు దూరంగా ఉండండి.

ఇక చూసిన చోట్లు. స్కైలైన్ రిడ్జ్ మీది అమెరికా స్మారకం యుద్ధానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1992లో కట్టింది. ఎర్రరాతి పలకల మీద ఒక్కో పోరాటం కథ చెక్కి ఉంటుంది. నాలుగు గోడలు ఆ పోరాటాలు జరిగిన వైపుకే తిరిగి ఉంటాయి. మొదటి రోజు ఇక్కడికే వెళ్లాలి, దీవి మొత్తం మ్యాపులా అర్థమైపోతుంది. ఎదురుగా కనిపించే సముద్రాన్ని ఐరన్‌బాటమ్ సౌండ్ అంటారు, అంటే అడుగంతా ఇనుమే. ఆగస్టు 9 తెల్లవారకముందే సావో దీవి దగ్గర మిత్రపక్షాల పెద్ద క్రూజర్లు నాలుగు దెబ్బతిని ఇక్కడే మునిగాయి, వెయ్యి మందికి పైగా నావికులు పోయారు. నాన్న వెంటనే "ర్యూజో ఎక్కడ?" అన్నారు. డ్రైవర్ ఉత్తరం వైపు చెయ్యి చాచి, మలైటా దీవి కూడా దాటాక, నడిసముద్రంలో అన్నాడు. అంత దూరం వచ్చి దాన్ని చూసేది లేదని తేలాక నాన్న మొహం చూడాలి.

మౌంట్ ఆస్టెన్ మీద జపాన్ వాళ్ల శాంతి స్మారకం ఉంది. తెల్లగా, ఖాళీగా, గాలి తప్ప చప్పుడు లేకుండా. దీవి మీదికి వచ్చిన ముప్పై వేల పైచిలుకు జపాన్ సైనికుల్లో దాదాపు ఇరవై వేల మంది తిరిగి వెళ్లలేదు. తుపాకీకి పోయినవాళ్ల కంటే ఆకలికి, మలేరియాకు పోయినవాళ్లే ఎక్కువ. దీవి పేరులో మొదటి అక్షరం వాళ్ల భాషలో 'ఆకలి' అన్నట్టే పలుకుతుంది. అందుకని సైనికులు దీన్ని ఆకలి దీవి అన్నారు. మిగిలిన పదివేల పైచిలుకు మందిని 1943 ఫిబ్రవరి మొదట్లో రాత్రిళ్లు ఓడల్లో తీసుకుపోయారు. మన ఊరి మీద బాంబులేసినవాళ్లే కదా అని మెట్లెక్కిన నాన్న, దిగేటప్పుడు ఏమీ మాట్లాడలేదు.

బ్లడీ రిడ్జ్ గడ్డి పెరిగిన ఒక గట్టు, అంతే. సెప్టెంబరు 12 నుంచి 14 దాకా అమెరికా మెరైన్ల అధికారి మెరిట్ ఎడ్సన్ ఎనిమిది వందల పైచిలుకు మందితో జపాన్ సేనాని కవాగుచి దళాన్ని ఇక్కడే ఆపాడు. ఆపకపోతే రన్‌వే పోయేది. కథ చెప్పే మనిషి పక్కన లేకుండా వెళ్తే పావుగంట కూడా నిలబడలేరు. ఎండ దారుణం, నీడ లేదు.

నేను అసలు చూడాలనుకున్నది జేకబ్ వౌజా విగ్రహం. రోవ్‌లో పోలీసు హెడ్‌క్వార్టర్స్ దగ్గర ఉంది. ఆయన ఇక్కడివాడే. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై, యుద్ధం రాగానే మళ్లీ బ్రిటిష్ అధికారి మార్టిన్ క్లెమెన్స్ దగ్గర, శత్రువుల జాడ తీసే స్కౌట్‌గా చేరాడు. ఆగస్టు 20న జపాన్ సైనికులకు దొరికిపోయాడు. ఆయన దగ్గర అమెరికా జెండా ఉంది. చెట్టుకు కట్టి కొట్టారు, నోరు విప్పలేదు. బయొనెట్లతో పొడిచి, గొంతులోనూ పొడిచి, చచ్చాడనుకుని వదిలేశారు. కట్లు పళ్లతో కొరుక్కుని, రక్తం కారుతూనే అమెరికన్ల దాకా వచ్చి, ఎంతమంది వస్తున్నారో చెప్పాకే వైద్యం చేయనిచ్చాడు. ఆ రాత్రి దాడికి వచ్చిన జపాన్ అధికారి ఇచికి దళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వౌజా బతికాడు. 1979లో సర్ అయ్యాడు, 1984లో పోయాడు.

ఇలాంటి స్కౌట్లకు, అడవిలో దాక్కుని రేడియోలో కబురందించిన కోస్ట్‌వాచర్లకు ఊరి మధ్యలో స్మారకం పెట్టింది 2011లో. పక్కవాళ్ల యుద్ధం వచ్చి మీద పడితే ప్రాణాలొడ్డిన సొంత మనుషులకు, అమెరికా స్మారకం కంటే దాదాపు ఇరవై ఏళ్లు ఆలస్యంగా. టూర్ ప్యాకేజీల్లో ఇది ఉండదు. మేం డ్రైవర్‌ని అడిగి ఆపించుకున్నాం.

ఒక్క రోజే ఉంటే పడమటి రోడ్డు పట్టుకోండి. హొనియారాకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో విలు మ్యూజియం ఉంది. కొబ్బరి చెట్ల కింద, ఆరుబయట, ఒక కుటుంబం చూసుకుంటోంది. అద్దాల పెట్టెలు లేవు, కూలిపోయిన విమానాలు, తుప్పుపట్టిన ఫిరంగులు గడ్డిలో వరసగా ఉంటాయి. మాకు చూపించిన అబ్బాయి ఒక వైల్డ్‌క్యాట్ అనే అమెరికా యుద్ధవిమానం రెక్క పట్టుకుని మడిచి చూపించాడు, ఇన్నేళ్ల తర్వాత కూడా తలుపులా కదిలింది. నాన్న తనూ మడుస్తానన్నారు, మడవనిచ్చాడు. ఏ మ్యూజియంలో ఇలా చేయనిస్తారు? నా ఓటు దీనికే. ఒక జాగ్రత్త: పొదల్లో ఇనుప ముక్క ఏది కనిపించినా ముట్టుకోవద్దు. ఈ దీవిలో పేలని బాంబులు ఇప్పటికీ మనుషుల్ని చంపుతున్నాయి. మలేరియా మాత్రలు బయల్దేరకముందే డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. మే, అక్టోబరు మధ్య వెళ్తే వాన బెడద తక్కువ.

తిరుగు దారిలో బొనేగి దగ్గర ఆగాం. నవంబరులో బాంబులు తిని ఒడ్డుకెక్కిన జపాన్ రవాణా ఓడలు రెండు, హిరొకావా మారు, కినుగావా మారు, తీరానికి ఈదుకుంటూ వెళ్లేంత దగ్గరలో ఉన్నాయి. స్నార్కెల్ పెట్టుకుని దిగితే ఇనుము మీద పగడాలు, వాటి మధ్య పసుపు రంగు చేపలు. ఆ తీరం అక్కడి కుటుంబాలది కాబట్టి మనిషికింత అని రుసుము తీసుకుంటారు. రసీదు ఉండదు, చిల్లర దగ్గర పెట్టుకోండి. చెట్టు కింద కూర్చున్న పెద్దావిడ నా దగ్గర తీసుకుని, నాన్న నీళ్లలోకి దిగరులే అని ఆయనకు వద్దంది.

నేను ఈది వచ్చేసరికి నాన్న ప్యాంటు మడుచుకుని మోకాలి లోతులో నిలబడి ఉన్నారు. నన్ను చూసి బయటికొచ్చి, తడికాళ్లతోనే చెట్టు దగ్గరికి నడిచి, ఆవిడ చేతిలో తన రుసుము పెట్టి, 'చాలా థాంక్స్' అనడానికి డ్రైవర్ నేర్పిన మాట అన్నారు: "టగ్గియో టుమాస్."