విండోస్ 11 కొనాలా, లినక్సుకు మారాలా? మారాక వెలితి ఎక్కడ తెలుస్తుంది

2025లో మా విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం అక్టోబరు 7న, మంగళవారం జరిగింది. ఆ మరుసటి మంగళవారం, అంటే 14వ తేదీన, విండోస్ 10కు ఉచితంగా భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం మైక్రోసాఫ్ట్ ఆపివేసింది. ఉత్సవం కరపత్రాల పని తెమిలి, విజయనగరం గంటస్తంభం దగ్గరి మా డీటీపీ దుకాణంలో కాస్త కాలు చాపుకొనే వీలు చిక్కేసరికి, వచ్చినవారల్లా ఒకటే ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. పాత కంప్యూటరు పక్కన పెట్టి విండోస్ 11 ఉన్నది కొనడం మేలా, ఉన్నదానిలోనే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వ్యవస్థ వేసుకోవడం మేలా అని. మా దుకాణంలోనూ అదే సమస్య ఉండడం వల్ల, వారికి జవాబు చెప్పకముందే నేను నాకోసం తేల్చుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఒక యంత్రం మీద విండోస్ 11, మరొకదాని మీద లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్, మూలనున్న మూడోదాని మీద విండోస్ 7 నడుస్తున్నాయి. ఈ మూడూ ఎందుకు అవసరమయ్యాయో చెబితే ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

యంత్రాల అర్హత సంగతి చాలామందికి తెలిసిందే. ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదో తరం కంటే పాతదైతే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేకపోతే, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11 ఎక్కదు. మా కౌంటరు మీది ఆరో తరం ఐ3 యంత్రం ఎనిమిది జీబీ ర్యామ్‌తో, ఎస్‌ఎస్‌డీతో ఇవాళ్టికీ చకచకా పనిచేస్తున్నది, అయినా దానికి ఆ అర్హత లేదు. విండోస్ 10కే మరో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా అప్‌డేట్లు పొందే ఏర్పాటు ఉంది కాని, అది నిర్ణయాన్ని వాయిదా వేసుకోవడమే. ఇక డబ్బు విషయానికి వస్తే, కొత్త కంప్యూటరుకు ఖర్చవుతుంది, లినక్సుకు అవదు. దీన్ని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు, ఎందుకంటే మారినవారు తరవాత నొచ్చుకొనేది డబ్బు గురించి కాదు.

మారేముందు అందరూ ప్రోగ్రాముల జాబితా వేసుకుంటారు. వర్డ్ బదులు లిబ్రాఆఫీసు, ఫొటోషాప్ బదులు గింప్ అని ఎదురెదురుగా రాసుకొని తృప్తి పడతారు. జాబితాకు ఎక్కేవి మనకు గుర్తున్నవి మాత్రమే. రోజుకు వెయ్యిసార్లు చేస్తూ, చేస్తున్నామన్న స్పృహ కూడా లేని పనులు ఆ జాబితాలో ఉండవు. తెలుగు టైపు చేసేవారి విషయంలో అలాంటి పని కీబోర్డు అమరిక. నా అభిప్రాయంలో అసలు నిర్ణయం జరగవలసింది అక్కడే.

మన ప్రాంతంలో టైపు చేసేవారిని మూడు వర్గాలుగా చెప్పుకోవచ్చు. మొదటివారు ఇన్‌స్క్రిప్ట్ నేర్చినవారు. 1991 నాటి భారత ప్రమాణం ఐఎస్ 13194లో చేరిన ఈ అమరికలో అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. "విజయనగరం" అని కొట్టడానికి ఎనిమిది కీలు చాలు. బి, ఎఫ్, పి, స్లాష్, వి, ఐ, జె, ఎక్స్ అని వేళ్ళు వాటంతట అవే పోతాయి. ఈ అమరిక విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ ఒక్కటే కనుక, ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవారు ఏ యంత్రం ముందు కూర్చున్నా పోగొట్టుకొనేది ఏమీ లేదు. విండోస్‌లో భాష మార్చడానికి విండోస్ గుర్తున్న కీ, స్పేస్‌బారు కలిపి నొక్కుతాం. మింట్‌లో భాషలు మార్చే ఐబస్ అనే సాధనం పెట్టుకుంటే అక్కడా అవే రెండు కీలు.

రెండోవారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవారు. అదే "విజయనగరం" వీరికి పదమూడు కీలవుతుంది. అయినా కొత్తగా నేర్చుకోవలసిన పని లేకపోవడం వల్ల ఎక్కువమంది ఈ దారినే ఉన్నారు. విండోస్‌లోని తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కొట్టినదాన్ని బట్టి మాటలు సూచిస్తుంది, కాబట్టి మనం కొంత అజాగ్రత్తగా కొట్టినా అది సర్దుకుంటుంది. లినక్స్‌లో దొరికే ఆర్‌టీఎస్ అనే ఇంగ్లీషు అక్షరాల పద్ధతి అలా సర్దుకోదు. చిన్న బడి టి కొడితే త, పెద్ద బడి టి కొడితే ట. ణ, ళ కావాలంటే షిఫ్టు నొక్కవలసిందే. సూచనలకు అలవాటుపడినవారు మొదటి వారం దీన్ని తిట్టుకుంటారు. అయితే ఆ కచ్చితత్వం ఒకసారి చేతికి పట్టుబడితే, సూచనల జాబితా వైపు కళ్ళు తిప్పవలసిన అవసరం తీరిపోయి రాత వేగం పెరుగుతుందని నా అనుభవం.

మూడోవారు నాబోటి పాత డీటీపీ మనుషులు. ఆపిల్ కంప్యూటర్ల పేరు మీదుగా మా నోళ్ళలో "ఆపిల్ కీబోర్డు" అని నిలిచిపోయిన అమరికను, అను స్క్రిప్ట్ అనే పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేరుతో పాటు నేర్చుకున్నవాళ్ళం. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఇచ్చే తెలుగు కీబోర్డులలో ఇది లేదు. కావాలంటే వేరే సాఫ్ట్‌వేరు తెచ్చుకోవాలి. లినక్స్‌లో మాత్రం ఐబస్‌కు ఎమ్17ఎన్ అనే ఉచిత జోడింపు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌ల పక్కనే తెలుగు ఆపిల్ కూడా కనిపిస్తుంది. డీటీపీ వదిలి లినక్సుకు పోతే చేతులు కట్టేసినట్లవుతుందని భయపడిన నాకు, నా పాత అమరిక యూనికోడ్ (ఏ యంత్రమైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తించే ప్రమాణం) రూపంలో అక్కడ ఎదురుకావడం ఆశ్చర్యమే కలిగించింది. కొన్ని కీల దగ్గర నా వేళ్ళు తడబడ్డాయి, మూడు వారాలు నెమ్మదిగా కొట్టాను. ఇప్పుడు విండోస్ 11 యంత్రం ముందు కూర్చున్నప్పుడే నాకు వెలితిగా ఉంటున్నది.

కీబోర్డు దాటితే రెండో వెలితి పాత ఫైళ్ళది, ఇది మరింత లోతైనది. బొబ్బిలి వైపు గ్రామం నుంచి ఒక పెద్దాయన తమ గుడి చరిత్ర పుస్తకం మళ్ళీ అచ్చు వేయించాలని పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చారు. 2008లో అను అక్షరాలతో చేయించిన నలభై ఎనిమిది పేజీల పుస్తకం అది. కౌంటరు మీది మింట్‌లో తెరవగానే పై గుర్తులు, కింది గుర్తులు తగిలించుకొన్న లాటిన్ అక్షరాలు తెరనిండా పరుచుకున్నాయి. "బాబూ, అచ్చరాలన్నీ ఇలగైపోనాయేటి?" అని ఆయన కంగారుపడిపోయారు. ఆ ఫైలులో తెలుగు లేదని, లాటిన్ అక్షరాల సంఖ్యల చోట తెలుగు ఆకారాలు గీసిన ఫాంటు ఉంటేనే అది తెలుగులా కనిపిస్తుందని ఆయనకు వివరించడం కష్టమే. మూలనున్న విండోస్ 7 యంత్రం మీద, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో తెరిచి చూపాక గాని ఆయన స్థిమితపడలేదు. అడోబ్ పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వెలువడింది 2001లో. అప్పటి నుంచీ మన శుభలేఖలు, కరపత్రాలు, సావనీర్లు దాని మీదే ఎన్ని అచ్చయ్యాయో లెక్క లేదు.

ఆ నలభై ఎనిమిది పేజీలనూ కన్వర్టరుతో యూనికోడులోకి మార్చి, వత్తులు తారుమారైన చోట్లు సరిచూడడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇంత చెప్పడం ఎందుకంటే, ఈ నష్టాన్ని జనం లినక్స్ ఖాతాలో రాస్తున్నారు. విండోస్ 11 యంత్రంలోనైనా అను ఫాంట్లు లేకపోతే కనిపించేది ఆ గుర్తులే. మీ పాత పని యూనికోడులో ఉంటే ఏ వ్యవస్థకైనా మూటతో సహా తరలిపోవచ్చు. అనులో ఉంటే మాత్రం పాత యంత్రాన్ని నెట్ వైరు పీకి, అచ్చంగా ఆ ఫైళ్ళ కోసమే ఉంచుకోవడం మంచిది. నేను చేసినది అదే.

ఫాంట్ల విషయంలో మాత్రం రెండు వైపులా కొంత విచారం మిగులుతుంది. శుభలేఖ మీద మెలికలు తిరిగిన అక్షరాలు అడిగేవారికి అనులో ఉన్నన్ని రకాలు యూనికోడులో చూపలేము. మా ఊళ్ళో జీవించిన గురజాడ పేరు మీద, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు పేరు మీద గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే అక్షరాలను రెండు యంత్రాల్లోనూ వేసుకున్నాను. శీర్షికలకు అవి చక్కగా నప్పుతాయి. లినక్సుకు మారినవారిని ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. విండోస్‌తో వచ్చే గౌతమి, వాణి, నిర్మల ఫాంట్లు మింట్‌లో ఉండవు. గౌతమిలో కొట్టి రెండు పేజీల్లో సరిపెట్టిన అర్జీని లిబ్రాఆఫీసులో తెరిస్తే, వేరే ఫాంటు ఆ చోటు తీసుకొని, వరుసల ఎడం మారి, సంతకం చోటు ఒంటరిగా మూడో పేజీకి జారిపోతుంది. చూపడానికే అయితే పీడీఎఫ్‌గా తెప్పించుకోవడం ఉత్తమం. లిబ్రాఆఫీసులో తెలుగు ఫాంటు ఎంత మార్చినా మారడం లేదనేవారు ముందుగా భాషల అమరికల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఎదుట టిక్కు పెట్టి, తరవాత అక్షరాల అమరికలో తెలుగు ఫాంటును విడిగా ఎంచుకోవాలి. పేజ్‌మేకర్ స్థానానికి స్క్రైబస్ ఉంది. దాని పాత 1.4 కూర్పులో తెలుగు వత్తులు చెదిరిపోయేవి, 2024 జనవరిలో వచ్చిన 1.6 నుంచి అక్షరాలు సరిగా కుదురుతున్నాయి.

మిగతా వెలితులు వృత్తిని బట్టి ఉంటాయి. ట్యాలీ మీద లెక్కలు రాసేవారు, కోరల్‌డ్రాలో ఫ్లెక్సీలు చేసేవారు విండోస్ వదలకపోవడమే క్షేమం. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్‌తోనో మరొకదానితోనో నెట్టుకురావచ్చని చెప్పేవారు గిరాకీ ఎదురుగా నిలబడి ఉండగా అది మొరాయించడం చూడలేదు. వేలిముద్ర పరికరం వాడే సేవా కేంద్రాలదీ అదే పరిస్థితి. మా దగ్గరున్న పరికరానికి తయారీదారు విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు మాత్రమే సాఫ్ట్‌వేరు ఇచ్చాడు. వాట్సాప్‌కు లినక్స్‌లో అధికారిక యాప్ లేదు. బ్రౌజరులో తెరుచుకోవాలి, దానికి రెండు రోజుల్లో అలవాటు పడతాం. ప్రింటర్ల సంగతి అదృష్టం మీద ఉంది. మా పాత లేజర్ ప్రింటరు తన కంపెనీ సొంత డ్రైవరు లేనిదే పలకదు, మింట్‌లో దాన్ని పలికించడానికి ఒక ఆదివారమంతా పోయింది. హెచ్‌పీ ప్రింటరు మాత్రం తీగ తగిలించగానే పనిచేసింది.

ఎదురు దిశలో వెళ్ళినవారి మాట ఎవరూ అడగరు గాని, అదీ వినదగినదే. శ్రీకాకుళంలో ఉన్న మా మేనల్లుడు నాలుగేళ్ళు ఉబుంటు అనే మరో రకం లినక్స్ వాడి, ఉద్యోగం కోసం విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు మారాడు. వాడికి లోటుగా తోచినది ఏ ప్రోగ్రామూ కాదు. ఉబుంటులో మాటను మౌసుతో ఎంచుకొని, కాపీ అని చెప్పకుండానే, మరోచోట నడిమి బటన్ నొక్కితే అది అక్కడ పడుతుంది. "మావయ్యా, ఇప్పటికీ నా వేలు ఆ చక్రం మీదికే పోతోంది, ఏమీ పడదు" అంటాడు. అప్‌డేట్లు తాను చెప్పినప్పుడు కాక యంత్రం తలచినప్పుడు రావడం వాడి రెండో ఫిర్యాదు. నాదొకటి కూడా ఉంది. నేను విండోస్ 10లో టాస్క్‌బార్‌ను తెర పైభాగాన పెట్టుకొనేవాణ్ణి. విండోస్ 11 వెలువడినప్పుడు ఆ వీలు తీసివేశారు. మింట్‌లో పట్టీ మళ్ళీ పైకి చేరింది, ఒక విధంగా నాకు విండోస్ 11 కంటే మింటే పాత ఇంటిలా ఉంది.

మ్యాక్ సంగతి కూడా కొందరు అడుగుతున్నారు. తెలుగు కీబోర్డులు, చక్కని కోహినూర్ తెలుగు ఫాంటు దానితోనే వస్తాయి. స్థోమత ఉన్నవారికి అభ్యంతరం లేదు, దుకాణానికి అక్కరలేదు. గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అనే వ్యవస్థ, బ్రౌజరు దాటని పిల్లల చదువుకు సరిపోతుంది.

కాబట్టి ఇప్పుడు నన్నడిగేవారిని ముందు రెండు పనులు చేయమంటున్నాను. ఒకటి, మా మింట్ యంత్రం ముందు కూర్చొని తమకు అలవాటైన పద్ధతిలో తెలుగులో నాలుగు వరుసలు కొట్టమంటాను. రెండు, తమ ఇంట్లోని అతి పాత తెలుగు ఫైలు ఒకటి పెన్‌డ్రైవులో తెమ్మంటాను. మొన్న పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు ఏడో తరం ఐ5 ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొని, కొత్తది కొనడానికి మనసొప్పక వచ్చారు. ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టారు, ఎక్కడా తడుముకోలేదు. పెన్‌డ్రైవులోని వ్యాసాలన్నీ యూనికోడే, పాతది 2011 నాటిది, ఒక్క అక్షరమూ చెదరకుండా తెరుచుకుంది. "మరి నాకు అడ్డేమిటి?" అన్నారు. అడ్డేమీ కనబడలేదు. ఫైళ్ళన్నీ మరో డిస్కులోకి తీసిపెట్టుకొని రమ్మని పంపాను, శనివారం వస్తే మింట్ ఎక్కిస్తాను.