క్యాండీకి ఒక్క రాత్రి చాలదు

శ్రీలంక ప్యాకేజీల్లో క్యాండీకి సాధారణంగా ఒక రాత్రే ఇస్తారు. సాయంత్రం దించి, బుద్ధుడి దంతం ఉంచిన దంతాలయం చూపించి, డాన్స్ షోకి తీసుకెళ్లి, పొద్దున్నే నువారా ఎలియా బండెక్కిస్తారు. అలా చూసొచ్చినవాళ్లు "ట్రాఫిక్ తప్ప ఏముందండీ అక్కడ" అంటే వాళ్లను తప్పుపట్టలేం. ఊరి నడిబొడ్డు నిజంగానే ఇరుకు. చుట్టూ కొండలు, మధ్యలో చెరువు, బస్సులన్నీ ఆ కాసిని రోడ్ల మీదే. కనీసం రెండు రాత్రులుంటేనే ఊరు కాస్త చేతికి చిక్కుతుంది.

విమానాశ్రయం కొలంబోకు ఉత్తరాన కటునాయకలో ఉంది. అక్కణ్నుంచి క్యాండీకి నేరుగా బస్సులున్నాయి, కొలంబోలోకి వెళ్లి తిరిగి రానక్కర్లేదు. అయినా నన్నడిగితే మాత్రం కొలంబో ఫోర్ట్ స్టేషన్‌కు వెళ్లి రైలే ఎక్కమంటాను. రెండున్నర, మూడు గంటల ప్రయాణం. రంబుక్కన దాటాక ఘాట్ మొదలై కడుగన్నావ దాకా కిటికీ వదలబుద్ధి కాదు. 1867లో క్యాండీ చేరిన ఈ లైను వేసింది కాఫీ కోసం. టీ తోటల కథ అప్పుడే మొదలవుతోంది. క్యాండీ నుంచి ఎల్లా అనే కొండ ఊరి వైపు వెళ్లే రైలుకు మాత్రం రిజర్వేషన్ నెల ముందే చూసుకోండి. లేకపోతే నిలబడే ప్రయాణం.

బస విషయంలో కొండ మీదా, చెరువు పక్కనా అన్నదే అసలు ప్రశ్న. కొండ మీది గెస్ట్‌హౌసులు చవక, గాలి బాగుంటుంది, ఇంటివాళ్లు పెట్టే టిఫిన్ బాగుంటుంది. కానీ దారి నిటారు, ప్రతిసారీ ఆటో కావాలి. మేం దిగినచోట "లేక్ వ్యూ" అంటే బాల్కనీ చివర నిలబడి మెడ సాచితే కనబడే నాలుగు చుక్కల నీళ్లు! ఫొటోలు కాదు, మ్యాప్ చూసి బుక్ చేయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే డబ్బు ఎక్కువైనా చెరువు దగ్గరే ఉండాలి. ఎక్కడున్నా కోతుల వల్ల కిటికీలు మూసుకోక తప్పదు.

చెరువు దగ్గర ఉంటే తెల్లవారుజామున ఐదున్నర పూజకు నడిచి వెళ్లొచ్చు. దంతాలయంలో రోజుకు మూడు పూజలు. సాయంత్రం ఆరున్నర పూజకు టూరిస్టు గుంపులన్నీ వస్తాయి. తెల్లవారు పూజలో ఎక్కువమంది తెల్లబట్టలు కట్టుకుని, తామరలు పట్టుకొచ్చిన ఊరి జనమే. కింద డోళ్లు మోగుతుంటాయి, పైన గది తలుపు తీస్తారు. కనబడేది దంతం ఉంచిన బంగారు కరండం (పేటిక) మాత్రమే, దంతం కాదు. ఇది ముందే తెలిస్తే నిరాశ ఉండదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగితే అక్కడ పెద్ద అపచారం. పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి, సార్క్ దేశాలవాళ్లకు, అంటే మనకూ, టికెట్‌లో తగ్గింపు ఉంటుంది.

కళింగ రాకుమారి హేమమాల ఈ దంతాన్ని జుట్టులో దాచి దంతపురం నుంచి లంకకు తెచ్చిందని కథ. ఆ దంతపురం మన శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి దగ్గరి దంతపురి కోటేనని ఒక వాదన ఉంది. పూరీ అనేవాళ్లూ ఉన్నారు. ఇంకో బంధుత్వానికి మాత్రం వాదన అక్కర్లేదు. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన నలుగురు రాజులూ మధురై నాయకుల చుట్టాలు, తెలుగు మూలాలున్న నాయక్కర్లు. వాళ్లలో కీర్తి శ్రీ రాజసింహ హిందూ కుటుంబంలో పుట్టి, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి 1753లో బౌద్ధ సంఘాన్ని నిలబెట్టాడు. గుడి ముందున్న ఎనిమిది మూలల మండపం, 1807 నాటి చెరువు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ కట్టించినవి. గైడ్లు ఆయన క్రూరత్వం గురించే గంటసేపు చెబుతారు, చెరువు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పక్కనే చెక్క స్తంభాల సభామండపం ఉంది. 1815 మార్చి 2న రాజ్యాన్ని ఇంగ్లిషువాళ్లకు అప్పగించే ఒప్పందం జరిగింది అక్కడే. రాజును వేలూరు కోటకు పంపేశారు, 1832లో అక్కడే పోయాడు.

రెండో రోజు ఒక ఆటో మాట్లాడుకుని ఊరికి పడమరనున్న మూడు గుళ్లకు వెళ్లండి. నా లెక్కలో క్యాండీలో ఇంతకన్నా మంచి పూట లేదు. గడలాదెనియ 1344 నాటి రాతి గుడి. దక్షిణాది స్థపతి గణేశ్వరాచారి పని, చూడగానే మన గుడే అనిపిస్తుంది. లంకాతిలక బండ మీద ఎత్తుగా ఉంటుంది, మెట్లెక్కితే చుట్టూ పొలాలే. ఎంబెక్కెలో చెక్క స్తంభాల మీద మల్లులు, హంసలు, నాట్యగత్తెలు. తల పైకెత్తి చూస్తే ఇరవై ఆరు వాసాలను ఒకేచోట బిగించిన చెక్క మేకు కనబడుతుంది. బయల్దేరేముందే "మసాలా తోట వద్దు, రాళ్ల షాపు వద్దు" అని ఆటో అతనికి గట్టిగా చెప్పండి. కమీషన్ కోసం అక్కడికి తిప్పడం మామూలే. చెరువు గట్టున "నేను మీ హోటల్లోనే పనిచేస్తా, ఇవాళ ప్రత్యేక ఉత్సవం ఉంది" అంటూ పలకరించేవాళ్లకు నవ్వి ముందుకు సాగిపోవడమే.

తిరుగుదారిలో పెరదెనియ బొటానికల్ గార్డెన్. 147 ఎకరాలు, మూడు వైపులా మహవేలి నది. పిల్లలుంటే సగం రోజు ఇవ్వండి. బహిరవకంద కొండ మీది తెల్ల బుద్ధుడి విగ్రహం దగ్గరికి సాయంత్రం వ్యూ కోసం వెళ్తే చాలు. డాన్స్ షో వదిలేసినా నష్టం లేదు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కొబ్బరి సంబోల్ చూడ్డానికి మన పచ్చడిలాగే ఉంటుంది గానీ అందులో ఎండు చేప పొడి కలుపుతారు, అది లేకుండా చేసిందేనా అని అడిగాకే వడ్డించుకోండి. డి.ఎస్. సేనానాయకే వీధిలో దోశలు దొరుకుతాయి. గేదె పెరుగులో కితుల్ (జీలుగ చెట్టు) పాకం పోసుకుని తినకుండా మాత్రం రావద్దు.

దంతాలయం ఊరేగింపు ఉత్సవం ఎసల పెరహెర జూలై, ఆగస్టుల్లో పది రాత్రులు జరుగుతుంది. చివరి ఐదు రాత్రులు రందోలి అనే పెద్ద ఊరేగింపులు. అప్పుడు గదుల ధరలు, కుర్చీల టికెట్లు మండిపోతాయి. మొదటి ఐదు కుంబల్ రాత్రుల్లో ఏనుగులు కాస్త తక్కువ, జనం కూడా తక్కువ. కుటుంబంతో వెళ్తే ఆ రాత్రులే ఎంచుకోండి.