ఐరిష్ పూర్వీకుల వేటలో ఏ సైటు ఎంత పనికొచ్చింది?

ఐర్లాండ్ రికార్డుల సైట్లు నేను ఏళ్ల తరబడి వాడుతున్నాను. నాకు ఐర్లాండ్‌తో రక్తసంబంధం ఏమీ లేదు, మాది తెనాలి. మా ఆయన వాళ్లది న్యూజెర్సీలో స్థిరపడిన ఐరిష్ కుటుంబం. అత్తగారి వైపువాళ్లు కెర్రీ కౌంటీ నుంచి, మామగారి వైపువాళ్లు మేయో కౌంటీ నుంచి వచ్చారు. పిల్లలకి స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్టు ఇచ్చినప్పుడు మా నాన్నగారు ఫోన్లోనే మా వైపు పేర్లు గడగడా చెప్పేశారు. అత్తగారి వైపు మాత్రం వాళ్ల నాయనమ్మ దగ్గరే ఆగిపోయింది. ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయింది గానీ నన్నిది వదల్లేదు. ఇలాంటి కుటుంబాల్లోకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లిన మనవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తా. పర్సు తీయకండి. ఐర్లాండ్ విషయంలో అసలైన సరుకంతా ప్రభుత్వం ఉచితంగా పెట్టిన సైట్లలోనే ఉంది. డబ్బు కట్టాల్సిన రోజు రావచ్చు, కానీ అది చివర్లో.

ఈ పని మొదలుపెట్టగానే ఎవరో ఒకరు "అక్కడి రికార్డులన్నీ కాలిపోయాయటగా" అంటారు. సగమే నిజం. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లోనే, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో పేలుడు జరిగి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడిపోయింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనగణన పత్రాలు దాదాపు అన్నీ, వీలునామాలు, ప్రొటెస్టంట్లదైన చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. 1861 నుంచి 1891 వరకు తీసిన నాలుగు జనగణనల పాపం మాత్రం మంటలది కాదు. మొదటి రెండూ ప్రభుత్వమే నాశనం చేయించింది, తర్వాతి రెండూ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం గుజ్జుకి పోయాయి. కానీ కాథలిక్ రిజిస్టర్లు ఊళ్లలోని చర్చిల్లోనే ఉండటంతో బతికిపోయాయి. జనన మరణాల రిజిస్టర్లు వేరే చోట ఉన్నాయి. 1901, 1911 జనగణనలు చెక్కుచెదరలేదు. మామూలు రైతు కుటుంబాన్ని వెతికేవాళ్లకి ఇవే ముఖ్యం.

కాలిపోయినవాటి నకళ్లు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నాయో ఏరి, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ ఆధ్వర్యంలో 2022లో వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అని ఒక సైటు తెరిచారు. చూడముచ్చటగా ఉంటుంది, చరిత్ర అంటే ఇష్టమున్నవాళ్లకి పండగే. మా పనికి మాత్రం దాంతో పెద్దగా అవసరం పడలేదు.

అసలు చిక్కు ఊరు పేరు. ఐర్లాండ్‌లో చిరునామాకి అన్నిటికన్నా చిన్న ముక్క టౌన్‌ల్యాండ్. దేశం మొత్తం మీద 60 వేలకి పైనే ఉన్నాయి, కొన్నింటిలో నాలుగైదు ఇళ్లే. అది తెలియకుండా కెర్రీలో సలివన్ అనో, మేయోలో వాల్ష్ అనో వెతికితే వందల మంది వస్తారు, మనవాళ్లెవరో తేలదు. టౌన్‌ల్యాండ్ పేరు చాలాసార్లు ఐర్లాండ్‌లో దొరకదు, వలస వెళ్లిన దేశంలోనే దొరుకుతుంది. అమెరికాలో సమాధి రాయి, చర్చిలో పెళ్లి నమోదు, పేపర్లో వేసిన మరణవార్త, పౌరసత్వం కాగితాలు ముందు తిరగేయాలి. అత్తగారి నాయనమ్మ 1909లో క్వీన్స్‌టౌన్ రేవులో ఓడెక్కి న్యూయార్క్ వచ్చారు. 1907 నుంచి ఓడ జాబితాల్లో స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా రాయించేవాళ్లు. న్యూయార్క్‌లో వలసవచ్చినవాళ్లు దిగిన ఎల్లిస్ ఐలాండ్ పేరుతో ఉన్న సైట్లో ఆ పేజీ ఉచితంగానే చూడొచ్చు. అందులో "తండ్రి" అని, పక్కన టౌన్‌ల్యాండ్ పేరు గుమస్తాకి వినిపించినట్టు రాసి ఉంది. ఆ తప్పు స్పెల్లింగ్‌ని సరిచేసుకోవడానికి లొగైన్మ్ అనే ఐర్లాండ్ స్థలనామాల సైటు వాడాను. పేరు ఇంగ్లీషులో కొట్టినా ఐరిష్‌లో కొట్టినా దారి చూపిస్తుంది. కోట్లాది రికార్డుల సైట్ల కన్నా ఈ చిన్న సైటుకే నేను ఎక్కువ రుణపడి ఉన్నాను.

ఊరు తెలిశాక నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో 1901, 1911 జనగణన చూడండి. నా లెక్కలో అన్నిటికన్నా పైచేయి దీనిదే. పేర్ల వెతుకులాటతో పాటు ఆ ఇంటి యజమాని నింపిన అసలు కాగితం స్కాన్ కూడా ఉంటుంది. పైసా కట్టక్కర్లేదు, లాగిన్ గొడవ లేదు. చాలామంది కుటుంబ సభ్యుల కాగితం చూసి ఆగిపోతారు. వెనకాల బీ1, బీ2 అని ఇంకో రెండు ఫారాలుంటాయి, అవీ తెరవండి. బీ1లో ఇంటి గోడలు దేనివి, కప్పు గడ్డిదా పెంకుదా, గదులెన్ని, ముందువైపు కిటికీలెన్ని అని ఉంటుంది. బీ2లో పశువుల కొట్టం, పందుల కొట్టం, కోళ్ల గూడు లాంటివి. అత్తగారికి చూపిస్తే ముందు అడిగింది కిటికీల గురించే. రెండు. కప్పు గడ్డిది.

1911 కాగితంలో పెళ్లైన ఆడవాళ్లకి మూడు గడులు ఎక్కువ ఉన్నాయి: పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు. మా కాగితంలో పుట్టినవాళ్లు పది, ఉన్నవాళ్లు ఏడు. ఆ ముగ్గురు పిల్లలు ఉన్నారన్న సంగతే న్యూజెర్సీలో ఎవరికీ తెలియదు. నాయనమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదట. ఇద్దరి మరణ నమోదులు దొరికాయి. ఒకరిది కోరింత దగ్గు, ఇంకొకరికి కారణం దగ్గర "డాక్టరు చూడలేదు" అని మాత్రమే రాశారు.

వయసులు మాత్రం నమ్మకండి. 1901లో 58 అని రాయించుకున్న ముత్తాత 1911కి 72 అయిపోయాడు! దానికి కారణం ఉంది. 1909 జనవరి నుంచి 70 దాటినవాళ్లకి వారానికి అయిదు షిల్లింగుల వృద్ధాప్య పింఛన్ మొదలైంది. జననాల నమోదు 1864లో గానీ మొదలవలేదు, వాళ్ల చేతిలో పుట్టినతేదీ కాగితం ఏదీ లేదు. అందుకని అధికారులు అప్పటికింకా కాలిపోని 1841, 1851 జనగణన తీసి వయసు సరిచూసేవాళ్లు. అలా వెతికించుకున్న దరఖాస్తులు ఇప్పటికీ నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో ఉన్నాయి. అసలు జనగణన బూడిదైనా దరఖాస్తులో రాసిన తల్లిదండ్రుల పేర్లు, ఊరు మిగిలాయి. కాస్త ఓపిక పట్టి వీటినీ చూడండి.

జనన, వివాహ, మరణాలకి ఐరిష్ జీనియాలజీ సైటు. ఇదీ ప్రభుత్వానిదే, ఉచితమే. కాథలిక్కులు కాని వాళ్ల పెళ్లిళ్లు 1845 నుంచి, మిగతావన్నీ 1864 నుంచి. జననాలైతే నూరేళ్లు, పెళ్లిళ్లైతే 75, మరణాలైతే 50 ఏళ్లు దాటినవాటి అసలు పేజీలే పెడతారు, ఏటా ఇంకో ఏడాదివి కలుపుతారు. ఉత్తర ఐర్లాండ్‌వి 1921 వరకే ఇక్కడుంటాయి, ఆ తర్వాతవాటికి వాళ్ల రిజిస్ట్రార్ కార్యాలయం సైటుకి వెళ్లి డబ్బు కట్టాలి. జనన నమోదులో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది, పెళ్లి నమోదులో ఇద్దరి తండ్రుల పేర్లూ, వృత్తులూ ఉంటాయి. పెళ్లికూతురి వయసు అడక్కండి, సగం చోట్ల "మేజర్" అన్న అర్థం వచ్చే ఒక్క మాటతో సరిపెట్టేశారు. ఇంకో తమాషా: పిల్లవాడి బాప్టిజం ముందు జరిగి, పుట్టినతేదీ తర్వాత ఉండటం. ఆలస్యంగా నమోదు చేయిస్తే జరిమానా పడేది, అందుకని అసలు పుట్టినరోజు కాకుండా తర్వాతి తేదీ చెప్పేవాళ్లు. అలాంటప్పుడు చర్చి తేదీనే తీసుకోండి.

చర్చి రికార్డులకి వచ్చేసరికి మీ కౌంటీ ఏదన్నది అదృష్టం. కెర్రీ, డబ్లిన్ నగరం, కార్క్‌లో కొంత భాగం చర్చి రికార్డులు అదే ఐరిష్ జీనియాలజీ సైట్లో పేరుతో వెతికేలా ఉన్నాయి. అత్తగారి వైపు పని నల్లేరు మీద నడకలా సాగింది అందుకే. మేయోకి ఆ సుఖం లేదు. అప్పుడు నేషనల్ లైబ్రరీ. 2015లో దేశమంతటి కాథలిక్ రిజిస్టర్ల ఫోటోలు, సుమారు 1880 వరకు, ఉచితంగా పెట్టారు. మ్యాపు మీద ప్యారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) నొక్కి, సంవత్సరం, నెల ఎంచుకుని పేజీలు తిప్పుకోవాలి. పేర్ల సూచీ అక్కడ లేదు. పాత మైక్రోఫిల్మ్ కావడంతో కొన్ని పేజీలు నల్లగా మాడిపోయినట్టుంటాయి, కొందరు ఫాదర్ల చేతిరాత చూస్తే టెన్షన్ వస్తుంది. పైగా చాలాచోట్ల లాటిన్‌లో రాశారు: జేమ్స్ జాకోబస్ అయిపోతాడు, విలియం గులియెల్ముస్ అవుతాడు. ఆడపిల్లల పేర్లయితే ఇంకా కష్టం. ఓడ జాబితాలో బ్రిజెట్‌గా ఉన్న నాయనమ్మ న్యూజెర్సీ సమాధి మీద డీలియా. ఇద్దరూ ఒకరేనని తేలడానికి అక్కచెల్లెళ్ల పేర్లన్నీ సరిచూడాల్సి వచ్చింది.

ఇక్కడ మనకి బాగా అర్థమయ్యే అలవాటు ఒకటి సాయపడుతుంది. మన దగ్గర తాత పేరు మనవడికి పెట్టినట్టే వాళ్లూ మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టేవాళ్లు. అందరూ పాటించలేదు గానీ, ఒకే పేరున్న రెండు కుటుంబాల్లో మనదేదో తేల్చుకోవడానికి ఇది చాలాసార్లు పనిచేసింది.

డబ్బు కట్టే సైట్ల సంగతి. ఫైండ్‌మైపాస్ట్‌లో నేషనల్ లైబ్రరీ రిజిస్టర్ల పేర్ల సూచీ ఉంది. 2016లో దాన్ని ఉచితంగానే విడుదల చేశారు, ముందు అది వాడుకోండి. చందా కడితే దక్కే మజా చిన్న కోర్టుల రిజిస్టర్లు, కుక్కల లైసెన్సుల జాబితాలు. రోడ్డు మీద గాడిదని వదిలేసినందుకు, తాగి గొడవ చేసినందుకు జరిమానా కట్టిన ముత్తాతలు అందులో కోకొల్లలు. రూట్స్‌ఐర్లాండ్‌ది వేరే పద్ధతి. కౌంటీల్లోని వంశచరిత్ర కేంద్రాలు రిజిస్టర్లు చదివి ఎక్కించిన వివరాలివి, చాలావాటికి అసలు పేజీ ఫోటో ఉండదు. కాబట్టి ఇక్కడ పేరు పట్టుకుని, నేషనల్ లైబ్రరీ ఫోటోలో సరిచూసుకోవాలి. మేయో ఇందులో ఉంది, కెర్రీ లేదు. ఒక్క నెల చందా చాలు, ముందే ప్రశ్నల చిట్టా రాసుకుని కూర్చోండి. ఆన్సెస్ట్రీ అమెరికా వైపు రికార్డులకి బలం. న్యూయార్క్ ఐరిష్ వాళ్లయితే అందులో ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు ఖాతాల పుస్తకాలు తప్పక చూడండి, ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు రాయించుకునేవాళ్లు. ఏ సైట్లోనైనా పక్కవాళ్లు కట్టిన వంశవృక్షాన్ని మాత్రం కాపీ కొట్టకండి. మా మామగారి వంశం అని ఒకచోట కనిపించిన చెట్టులో తల్లి చనిపోయిన నాలుగేళ్లకి కొడుకు పుట్టాడు.

మామగారి వైపు కథ మాత్రం సగంలోనే ఆగింది. వాళ్ల పెద్దాయన 1845 తర్వాతి ఐర్లాండ్ మహా కరువు కాలంలోనే పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ బొగ్గు గనులకి వచ్చేశారు. అప్పటి ఓడ జాబితాల్లో "ఐర్లాండ్" అని తప్ప ఏమీ ఉండదు. సమాధి రాయి మీద మేయో కౌంటీ, ప్యారిష్ పేరు చెక్కి ఉండటం మా అదృష్టం, కానీ ఆ ప్యారిష్ రిజిస్టరు ఆయన ఓడెక్కిన తర్వాతే మొదలైంది. పశ్చిమ తీరంలో ఇది మామూలే. మిగిలింది గ్రిఫిత్ వాల్యుయేషన్: 1847 నుంచి 1864 వరకు ఇంటింటికీ, పొలం పొలానికీ వెల కట్టి అచ్చేసిన పన్ను జాబితా. ఆస్క్ అబౌట్ ఐర్లాండ్ సైట్లో మ్యాపులతో సహా ఉచితం. కుటుంబ పెద్ద పేరు, భూస్వామి పేరు, విస్తీర్ణం తప్ప భార్యాపిల్లల ఊసు ఉండదు. ఆ ప్యారిష్‌లో అదే ఇంటిపేరుతో ముగ్గురున్నారు. ఎవరు మనవాళ్లో కాగితం చెప్పలేదు. మామగారి డీఎన్ఏ పరీక్షలో ఆ చుట్టుపక్కల వాళ్లతో పోలికలు వచ్చాయి గానీ, తరతరాలుగా అక్కడక్కడే పెళ్లిళ్లు చేసుకున్న ఊళ్లలో అందరూ అందరికీ చుట్టాలే. డీఎన్ఏ మీద ఖర్చుపెడితే ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకే చేయించండి.

ఐరిష్ పౌరసత్వం కోసం చూసేవాళ్లకి ఒక ముక్క. తాత గానీ నాయనమ్మ, అమ్మమ్మ గానీ ఐర్లాండ్‌లో పుట్టి ఉంటే విదేశీ జననాల రిజిస్టర్లో నమోదుకి అడగొచ్చు. సైట్లో దొరికిన పేజీ ప్రింటు దానికి చెల్లదు, అసలు సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. మా అత్తగారికి అర్హత వచ్చింది, మా ఆయనకి రాలేదు. ఆయన పుట్టేనాటికే ఆవిడ నమోదు చేయించుకుని ఉండాల్సింది.

సికింద్రాబాద్ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: మద్రాసు ప్రెసిడెన్సీలో ఐరిష్ సైనికులు చాలామంది పనిచేశారు, రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ దళమే 1881లో మద్రాసు, బొంబాయి ఫ్యుజిలియర్స్‌ని కలిపి ఏర్పాటు చేసింది. మీరు డబ్లిన్ కన్నా ముందు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు చూడాలి. వాటికి దారి చూపించే ఫిబిస్ అనే సంఘం సైట్లో వెతకడం ఉచితం.

కెర్రీ వైపు నాకింకా కావాల్సింది 1926 ఏప్రిల్ 18న తీసిన జనగణన. దాని వందేళ్ల గోప్యత గడువు 2026 ఏప్రిల్ వరకు. ఆ రెండు కిటికీల ఇంట్లో అప్పటికి ఎవరున్నారో అత్తగారికి చెప్పాలి.